పొదుగులో ఉన్న కోడి

మా అపార్ట్‌మెంట్‌లో కింది వాటాలో ఉండే రిటైర్డ్ ఇంజనీరు గారు ఈమధ్య గుడ్లు పొదిగే యంత్రం ఒకటి కొన్నారు. చూడటానికి రమ్మని అందరినీ పిలిచారు. పెద్ద టిఫిన్ డబ్బా అంత ఉంది. పైన అద్దం మూత, లోపల చిన్న బల్బు, పక్కన మెరిసే అంకెలు. వేడి తగ్గితే అదే కుయ్యిమంటుందట, గుడ్లను అదే అటూ ఇటూ దొర్లిస్తుందట. "ఇంక కోడితో పనే లేదండీ" అన్నారాయన సంబరంగా. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూస్తున్నారు. నేనూ వంగి చూశాను. గుడ్లు బుద్ధిగా, వరసగా ఉన్నాయి. అంతా బాగానే ఉంది గానీ, పెళ్లికూతురు లేకుండా పెళ్లి జరుగుతున్నట్టు నాకేదో వెలితిగా తోచింది. మెట్లెక్కి పైకొస్తుంటే మా రాజ్యం అత్త గుర్తొచ్చింది. మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజుల్లో, ఒళ్లో గుడ్ల బుట్ట పెట్టుకుని, మొగుడి మీద అలిగి బస్సు దిగిన రాజ్యం అత్త.

మాది ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లె. నల్లరేగడి నేల. వానొస్తే చెప్పు ఊడొచ్చేంత బంక, ఎండొస్తే కాలు దిగబడేంత నెర్రెలు. మిరప కోతలు మొదలైతే ఊరంతా తుమ్ములే. బళ్లో పంతులు గారు ఎక్కం చెబుతూ తుమ్మేవారు, మేం అప్పజెబుతూ తుమ్మేవాళ్లం. మా ఇంటి ముందుగది నిండా దూలాల దాకా పత్తి, వసారాలో మిరప బస్తాలు. మనుషులకు మిగిలేది వంటిల్లూ మధ్యగదీ. ఆ కాస్త చోటు కోసం మాకూ కోళ్లకూ రోజూ పోటీ. నాయనమ్మ పొద్దున్నే గూటి తలుపు తీసి, ఒక్కొక్క పెట్టనూ బయటికి రానిస్తూనే చేత్తో తడిమి చూసేది. ఆవేళ గుడ్డు పెట్టేదాన్ని గంప కింద మూసేది. అయినా ఒకటో రెండో ఆమె కళ్లుగప్పి ముందుగదిలో దూరి, పత్తిలో గుంట చేసుకుని గుడ్డు పెట్టి, ఆ ఘనకార్యం ఊరంతటికీ వినబడేట్టు చాటేవి. మా నాన్న పత్తి తీసేటప్పుడు చేతికి పచ్చసొన అంటుకునేది. "ఇది పత్తా, కోళ్లకు పరుపా?" అని అరిచేవాడు. "అరవమాకురా, మళ్లీ పెట్టదు" అని నాయనమ్మ అంతకన్నా గట్టిగా అరిచేది. పత్తిగింజ వాసన, మిరప ఘాటు, కోళ్లగూట్లోంచి వచ్చే బూడిద కలిసిన వెచ్చటి వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు మా ఇల్లు.

రాజ్యం అత్త మా నాన్నకు చెల్లెలు. సన్నగా, పొడుగ్గా ఉండేది. మాట వేగం, నడక వేగం, ఒక్క కోళ్ల దగ్గరే నిదానం. పెళ్లికి ముందు ఊళ్లో ఎవరింట్లో కోడిని పొదగేయాలన్నా అత్తను పిలిచేవాళ్లు. రాజ్యం చేత్తో పెడితే గుడ్లు మురగవని పేరు. "నా చేతిలో ఏముందే, కూర్చునేది కోడి" అని నవ్వుతూనే వెళ్లేది. తట్టలో ఊక పోసి, మీద గడ్డి పరిచి, ఉరుములకు గుడ్లు చెడకుండా అడుగున ఒక ఇనపమేకు, దిష్టికి ఒక బొగ్గుముక్క, ఒక ఎండు మిరపకాయ పెట్టేది. గుడ్లను ఒక్కొక్కటే చెవి దగ్గర ఊపి చూసి సర్దేది. చివరికి పెట్టను రెండు చేతుల్లోకి తీసుకుని, చంటిబిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దాని మీద పెట్టేది. అది కాసేపు ఈకలు రిక్కించి, గుడ్లను పొట్ట కిందికి లాక్కుని, కళ్లు అరమూసేది. "ఇంక దీని జోలికి ఎవరూ పోవద్దు" అనేది అత్త. అది మా ఇంట్లో చట్టం. పొదుగులో ఉన్న కోడి పక్కనుంచి మా నాన్న కూడా కండువా విసరకుండా నడిచేవాడు.

అత్తను చిలకలూరిపేటలో పత్తి జిన్నింగు మిల్లు గుమాస్తా కోటేశ్వరరావు గారికిచ్చి చేశారు. మావయ్య మంచివాడే. పెద్దగా నవ్వేవాడు, ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చునేవాడు, జుట్టులో ఎప్పుడూ ఇంత పత్తి నూగు ఉండేది. కాకపోతే బజారువీధిలో పుట్టి పెరిగినవాడు. కోడిని ఆయన పళ్లెంలో తప్ప పెద్దగా చూసి ఎరగడు. మిల్లు వెనక వాళ్ల ఇంటికి పెద్ద దొడ్డి, దాన్లో ఒక మునగచెట్టు ఉన్నాయని అత్త సంబరపడి, పుట్టింటి నుంచి నాలుగు పెట్టలనూ ఒక పుంజునూ తీసుకెళ్లింది. వాటిలో తెల్లమచ్చల బొల్లిపెట్ట అంటే ఆమెకు ప్రాణం. అత్త పిలిస్తే వంటింటి గడప దాకా వచ్చి తల పక్కకు వంచి చూసేది.

ఆ రోజు అత్త వాకిట్లోకి వచ్చేసరికి నాయనమ్మ మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. పక్కన అమ్మా నేనూ కూర్చున్నాం. అత్త వెంట పెట్టె లేదు, మావయ్య లేడు. చేతిలో వెదురుబుట్ట, దాన్నిండా దూది.

"అమ్మా, పొదుగుకొచ్చిన పెట్ట ఏదన్నా ఉందా?" అంది, చెప్పులు కూడా విడవకుండా.

"నల్లది ఉంది. నిన్నట్నించి గూట్లోంచి లేవటంలా. అల్లుడేడే?"

"ముందు గుడ్లు పెట్టనీ."

దూది పొరలు విప్పితే లోపల గుడ్లు. అత్త తలుపుసందులోంచి పడే ఎండకు ఒక్కొక్కటే ఎత్తి చూసింది. రెండు మూడు పక్కన పెట్టేసింది. మిగతావి నల్లపెట్ట కింద సర్ది, అది ముక్కుతో తడుముకుని కూర్చున్నాక, నూతి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది. అప్పుడు ఏడ్చింది. నేను పెద్దవాళ్లు ఏడవటం చూడటం అదే మొదలేమో, నోట్లో పెట్టుకున్న బెల్లంముక్క నమలటం మర్చిపోయాను.

జరిగింది ఇదీ. ముందురోజు అత్త కారం పట్టించుకు రావటానికి మర దగ్గరికి వెళ్లింది. ఇంతలో మిల్లు యజమాని మధ్యాహ్నం భోజనానికి వస్తానని కబురు పంపాడు. మావయ్య హడావుడిగా దొడ్లోకి వెళ్లి కోడిని పట్టబోయాడు. ఒకటి గోడెక్కింది, ఒకటి మునగచెట్టెక్కింది, పుంజు ఆయన చొక్కా పాడుచేసి పోయింది. మూల తట్టలో ఒక్కటి మాత్రం కదలకుండా కూర్చుని ఉంది. మావయ్య దాన్ని పట్టుకెళ్లి కోయించుకొచ్చాడు. అత్త ఇంటికొచ్చేసరికి గిన్నెలో ముక్కలు సిద్ధంగా ఉన్నాయి. బజార్లో కొన్నదే అనుకుని మసాలా నూరి వండి వడ్డించింది. యజమాని రెండోసారి అడిగి వేయించుకున్నాడట. సాయంత్రం కోళ్లను మూయబోతే తట్టలో బొల్లిపెట్ట లేదు. ఉత్త గుడ్లు. "అదొక్కటే బుద్ధిగా దొరికింది, మిగతావన్నీ పరుగులే" అని మావయ్య నవ్వుతూ చెప్పాడట. అత్త రాత్రంతా ఆ గుడ్లను దూదిలో చుట్టి పొయ్యి పక్క వెచ్చటి బూడిద మీద ఉంచి, మొదటి బస్సెక్కి వచ్చేసింది.

మా నాన్న పొలం నుంచి వచ్చి సంగతి విని నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "కోడి కోసం కాపురం వదిలేసి వస్తావా? రేపు నేను ఊళ్లో తలెట్టా ఎత్తుకోను?"

"నీ తల సంగతి నువ్వు చూసుకో అన్నయ్యా. నేను నా గుడ్లు చూసుకుంటా."

నాన్న తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుని బయటికి పోయాడు. అమ్మ మాత్రం అత్త పక్కన కూర్చుంది. అత్త గొంతు తగ్గించి, "ఒక్కమాట అడిగితే నేనే పుంజును పట్టి ఇచ్చేదాన్ని కదా వదినా. పొదుగులో ఉన్నదని ఆయనకు తెలవదు, సరే. కానీ అడగాలని కూడా తోచలా. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ దొడ్డి ఒక్కటే. దాన్లో చెయ్యిపెట్టేటప్పుడన్నా అడగాలిగా" అంది. అమ్మ అత్త జుట్టులో ఉన్న దూదిపింజలు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంది.

ఆదివారం మావయ్య స్కూటర్ మీద వచ్చాడు. మిఠాయి పొట్లం హ్యాండిల్‌కు వేలాడుతోంది. కల్లాల మీదుగా వచ్చాడేమో, దిగుతూనే తుమ్ములు. తుమ్ముకూ తుమ్ముకూ మధ్య "అత్తయ్య గారూ, రాజ్యం..." అంటాడు, మళ్లీ తుమ్ముతాడు. నాయనమ్మకు నవ్వాగలేదు. అత్త లోపలి నుంచే, "గుడ్లు పిల్లలయ్యేదాకా నేను కదలనని చెప్పమ్మా" అంది. మావయ్య భోంచేసి, నాన్నతో పత్తి ధర గురించి మాట్లాడి, తుమ్ముతూ వెళ్లిపోయాడు. మరో వారం ఫారం నుంచి రెండు తెల్లకోళ్లను తెచ్చాడు, బొల్లిపెట్టకు బదులుగా. అవి వాకిట్లో దించిన చోటే నిలబడ్డాయి. మట్టి గీకటం తెలవదు, గద్ద నీడ పడితే పరిగెత్తటం తెలవదు. మా కోళ్లు కల్లం అంచున ఎండు మిరపకాయలు చీల్చి గింజలు ఏరుకుంటుంటే అవి వింతగా చూసేవి. "కారం తింటున్నాయేంటి ఇవి? మండదా?" అన్నాడు మావయ్య. "కోడికి మండదు నాయనా, మనుషులకే" అంది నాయనమ్మ, లోపలి గది వైపు చూస్తూ.

గుడ్లు పగిలే రోజు కూడా ఆదివారమే పడింది. మావయ్య వచ్చేసరికి మేమంతా గూటి ముందు మూగి ఉన్నాం. నల్లపెట్ట కడుపు కిందనుంచి సన్నగా కిచకిచలు వినబడుతున్నాయి. ఆయన కూడా వచ్చి, ఇస్త్రీ ప్యాంటుతో మట్టిలో చతికిలబడ్డాడు. ఒక గుడ్డు అంచున నెర్రె, దాన్లోంచి సూది మొనంత ముక్కు. కొడుతుంది, ఆగుతుంది, అలిసిపోయి చాలాసేపు ఊరుకుంటుంది. మావయ్య తట్టుకోలేక వేలితో పెంకు తియ్యబోయాడు.

"చెయ్యి పెట్టమాకండి" అంది అత్త. ఇన్నాళ్లలో ఆయనతో అన్న మొదటిమాట. "దానంతట అదే రావాలి. మనం లాగితే బతకదు."

"ఎంతసేపు పడుద్ది?"

"దానిష్టం."

మావయ్య చెయ్యి వెనక్కి తీసుకుని అలాగే కూర్చున్నాడు. తడిసి, పీచులా, అసహ్యంగా ఉన్న ఆ పిల్ల పెంకు నెట్టుకుని బయటపడి తల వాల్చేసింది. కాసేపటికి తల ఎత్తింది. "ఇవి ఆ గుడ్లేనా?" అనడిగాడు ఆయన మెల్లగా. "ఆ. దాని పిల్లలే" అంది అత్త. మావయ్య అన్నానికి ఉండమన్నా ఉండలేదు. ఆ రోజు ఆయనకు ఒక్క తుమ్ము కూడా రాలేదని అమ్మ తర్వాత చెప్పి నవ్వింది.

పిల్లలైతే అయ్యాయి గానీ అత్త కదల్లేదు. గద్ద తిరుగుతోంది, రెక్కలు రానివ్వాలంది. నూకలు నానబెట్టి పెట్టేది, చెదలు పట్టాలని చేలగట్ల మీద బోర్లించిన కుండల్లోంచి ఆ పురుగులు తెచ్చి చల్లేది. బొబ్బొబ్బో అని నల్లపెట్ట పిలిస్తే ఆ పిల్లలు పత్తిపింజల్లా దొర్లుకుంటూ వచ్చేవి. రెక్కలొచ్చాయి. ఈలోగా ఎర్రపెట్ట పొదుగుకొచ్చిందంది. అది దిగేసరికి పక్కింటి వాళ్ల బూడిదరంగు పెట్ట. చివరికి నాయనమ్మే విసుక్కుంది. "దానికి పొదుగు రాలేదే, నువ్వే పట్టి కూర్చోబెడుతున్నావు. ఊళ్లో కోళ్లన్నీ అయ్యేదాకా కాపురానికి పోవా?" బావి దగ్గర ఆడవాళ్లు కూడా మొదలుపెట్టారు. రాజ్యం ఈసారి ఏ కోడి లేచాక పోతుందో అని ఒకరంటే, కోళ్లయ్యాక బాతులున్నాయిగా అని మరొకరు. అత్త వాళ్లతో కలిసి నవ్వేది. ఇంటికొచ్చాక మాత్రం గూటి దగ్గర ఒక్కతే చాలాసేపు కూర్చునేది. పోవాలని ఉంది, ఏమని పోవాలో తెలియటంలేదు అనుకుంటాను. అప్పట్లో నాకంత తెలియదు. అమ్మకు తెలుసు. ఆమె నూకలు జల్లించి ఇచ్చేది.

ఇంతలో మావయ్య రావటం మానేశాడు. ఒక ఆదివారం రాలేదు. అత్త మధ్యాహ్నం దాకా వాకిట్లోనే ఏదో ఒక పని పెట్టుకుంది. తర్వాతి ఆదివారమూ స్కూటర్ చప్పుడు లేదు. నాన్న ముఖం మాడ్చుకున్నాడు. "విసిగిపోయుంటాడు. ఎవరైనా ఎన్నాళ్లు తిరుగుతారు?" అన్నాడు, అత్తకు వినబడేట్టే. ఆ వారం అత్త అన్నం సగం కోళ్లకే వేసింది.

తర్వాత పత్తి తీసుకెళ్లటానికి లారీ వచ్చింది. డ్రైవర్ మస్తాను మావయ్య వాళ్ల మిల్లుకే తోలేవాడు. కూలీలు పత్తి ఎత్తుతుంటే అరుగు మీద మజ్జిగ తాగుతూ కూర్చున్నాడు. నాన్న ఏమీ పట్టనట్టు, "మా బావగారు కనబడుతున్నారా?" అనడిగాడు.

"ఎందుకు కనబడరండీ? కాకపోతే మధ్యాహ్నం కాగానే ఇంటికి ఉరుకుతున్నారు. ఆదివారం ఊరెళ్లలేదాండీ అంటే, ఇంట్లో కోడి పొదుగులో ఉందయ్యా, వదిలి ఎట్టా పోతాను అన్నారు. మిల్లంతా ఒకటే నవ్వు."

తలుపు చాటున ఉన్న అత్త ముందుకొచ్చింది. "ఏ కోడి? ఎర్ర ఈకలదా, మెడ మీద ఈకలు లేనిదా?"

"నాకేం తెలుసమ్మా?"

"ఎక్కడ పెట్టారు? ఇంట్లోనా, దొడ్లోనా? ఈ ఎండల్లో రేకుల కింద గానీ పెట్టారా?"

"అమ్మా, నేను లారీ డ్రైవర్ని."

"నీళ్లు పెడుతున్నారో లేదో" అనుకుంటూ అత్త లోపలికి పోయి చీర మార్చుకొచ్చింది. "మస్తానూ, లారీలో చోటుందా?" అంది. నాయనమ్మ నోరు తెరిచింది. అమ్మ ఒక సంచిలో గబగబా ఊకా, ఒక మేకూ, నాలుగు మిరపకాయలూ వేసి అత్త చేతికిచ్చి, తోడుగా నన్ను ఎక్కించింది. ఇన్నాళ్లూ వెళ్లమని గొడవపెట్టిన నాన్న, "ఇప్పుడే ఎందుకే, మంచిరోజు చూసి..." అని నసిగాడు. లారీ కదిలింది.

మేం వెళ్లేసరికి మావయ్య దొడ్లో మునగచెట్టు కింద బనీనుతో నిలబడి ఉన్నాడు. ఒక చేత్తో గొడుగు. దాని నీడలో తట్ట. తట్టలో మెడ మీద ఈకల్లేని పెట్ట, దాని నాలుగువైపులా బయటికి పొడుచుకొచ్చిన గుడ్లు. నన్నూ అత్తనూ చూసి ఆయన గొడుగు పక్కకు తీయబోయి, కోడి మీద ఎండ పడుతుందని మళ్లీ పెట్టాడు.

అత్త తట్ట ముందు కూర్చుంది. "ఇంత చిన్న పెట్టకు ఇన్ని గుడ్లా? ఎవరన్నా వేస్తారా ఇన్ని?"

"అన్నీ అదే పెట్టింది. ఏవి ఉంచాలో, ఏవి తియ్యాలో నాకు తెలవలా రాజ్యం."

"నన్నడగొచ్చుగా."

"అడుగుదామనే రెండువారాల్నించి చూస్తున్నా. దీన్ని వదిలి ఎట్టా రాను? గోడ మీద పిల్లి కాచుక్కూర్చుంది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆరోజే అడగాల్సింది" అన్నాడు.

అత్త తల ఎత్తలేదు. గుడ్లు ఒక్కొక్కటే ఎండకు చూసి, సగం తీసి ఆయన చేతిలో పెట్టింది. గొడుగు పట్టుకున్న మనిషి అన్ని గుడ్లు పట్టలేక గుండెకు హత్తుకుని నిలబడ్డాడు. ఒకటి జారి పాదం మీద పగిలింది. అప్పుడు నవ్వింది అత్త. నాలుగిళ్లకు వినబడేట్టు, పుంజు బెదిరి గోడెక్కేట్టు నవ్వింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఏళ్ల తరబడి ఒక తంతు నడిచింది. చుట్టాలం ఎవరం వెళ్లినా మావయ్య దొడ్డివాకిట్లో నిలబడి, "రాజ్యం, దేన్ని పట్టమంటావు?" అనేవాడు. అత్త తొందరపడేది కాదు. కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఒక్కొక్క కోడినీ తేరిపార చూసి, ఇది గుడ్లమీదుంది, దానికి పిల్లలున్నాయి, అది ఇంకా లేత అని వరసగా తప్పించేది. మేం ఆకళ్లతో కూర్చునేవాళ్లం. ఒక్కోసారి కోడే దొరక్క వంకాయ కూర తిని వచ్చిన చుట్టాలూ ఉన్నారు.

ఇప్పుడు మా ఊళ్లో వాకిళ్లన్నీ సిమెంటు చేశారు. కోడి గీకటానికి పిడికెడు మట్టి లేదు. పత్తి చేల నుంచే తూకానికి పోతుంది, మిరపకాయలు కోల్డ్ స్టోరేజీకి పోతాయి. ఇళ్లల్లో చోటే చోటు. నాటుకోడి గుడ్లని అట్టపెట్టెల్లో పెట్టి, మా వీధి చివర సూపర్‌బజార్లో అమ్ముతున్నారు. ఇంజనీరు గారి యంత్రాన్ని నేను తప్పుపట్టను. పిల్లలు బాగానే వస్తాయి. మా అత్తా దాన్ని చూస్తే ముచ్చటపడి, కరెంటు పోతే ఏం చేస్తారని మాత్రం అడిగేది.

అత్త పోయి ఏడాది దాటింది. మొన్న పెళ్లికని చిలకలూరిపేట వెళ్లి, మావయ్యను చూద్దామని ఆ ఇంటికి వెళ్లాను. హైవే వెడల్పు చేసినప్పుడు దొడ్డి సగం పోయింది. మిగిలిన సగంలో కాలు పెట్టటానికి లేదు. ఎటు చూసినా కోళ్లే. ముసలి పుంజులు, కాళ్లకు వేళ్లంత పొడుగు ముళ్లతో, ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. గుడ్డు మానేసిన పెట్టలు నీడల్లో కునుకుతున్నాయి. మావయ్య చేతికర్ర పట్టుకుని వాటి మధ్య మెల్లగా తిరుగుతున్నాడు.

"భోంచేసి వెళ్లాలమ్మా, ఇన్నాళ్లకొచ్చావు. ఉండు, కోడిని పట్టిస్తా" అని దొడ్డివాకిట్లోకి నడిచాడు. నేను వద్దంటున్నా వినలేదు. గడప మీద నిలబడి ఒక్కొక్కదాన్నీ చూశాడు. చాలాసేపు చూశాడు. నేను వెనకే నిలబడ్డాను. తర్వాత లోపలికొచ్చి, వంటింట్లో గోడవార ఉన్న ఆకుకూర కట్ట తీసి నా ముందు పెట్టాడు.

"ఎవర్నడిగి పట్టను?" అన్నాడు. "గోంగూర ఉంది. పప్పులో వేద్దాం."

పీట వాల్చుకుని ఆయన ఎదురుగా కూర్చుని ఆకు ఒలిచాను.